డిజిటల్ ఆరోగ్య సాధనాలు, రోగి భద్రత: చామోర్షి – సిరొంచ సీమ

ఆశా కార్యకర్త ఫోనులోని యాప్, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నర్సు చేతిలోని ట్యాబ్, పెద్దాసుపత్రిలో డాక్టరు మందులు రాసే కంప్యూటరు, వీడియోలో రోగిని చూసే దూరవైద్యం, ఊరు మారినా వెంట వచ్చే ఆరోగ్య రికార్డు – వీటన్నిటినీ కలిపి డిజిటల్ ఆరోగ్య సాధనాలు అంటున్నాం. చేతిరాత అర్థం కాక జరిగే పొరపాట్లకు ఇవి అడ్డుకట్ట వేశాయి, అదే చేత్తో కొత్త పొరపాట్లనూ తెచ్చాయి. ఆ కొత్తవి ఎక్కడ పుడతాయో ముందే ఊహించి, రోగి ఒంటిదాకా చేరకముందే అవి ఆగిపోయేలా సాధనాన్ని తయారుచేయడమే రోగి భద్రత దృష్టితో చేసే రూపకల్పన. ఈ విద్యకు పాఠ్యపుస్తకాలు ఎక్కువగా అమెరికాలో, బ్రిటన్‌లో వచ్చాయి. దానికి అసలు పరీక్ష మాత్రం నెట్ అందని, నాలుగు భాషలు వినపడే, నది దాటితే ఇంకో రాష్ట్రం వచ్చే చోట్ల జరుగుతుంది. మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా దక్షిణ భాగం అలాంటి సీమ.

సీమ, దాని దారులు

గడ్చిరోలి 1982 ఆగస్టు 26న చంద్రపూర్ నుంచి విడివడి జిల్లా అయింది. 2011 లెక్కల్లో జనాభా సుమారు 10.7 లక్షలు. నేలలో నాలుగింట మూడు వంతులు అడవే. జిల్లా కేంద్రం నుంచి దక్షిణానికి దిగితే చామోర్షి తాలూకా వస్తుంది. వైన్‌గంగ ఒడ్డున మార్కండ దేవాలయాలు ఉన్నది ఇక్కడే. చప్రాళ అడవుల దగ్గర వార్ధా, వైన్‌గంగ కలిసి ప్రాణహితగా మారతాయి. ఆ ప్రాణహిత అహేరి పక్కనుంచి దిగి, సిరొంచ దగ్గర, కాళేశ్వరానికి ఎదురుగా గోదావరిలో కలుస్తుంది.

సిరొంచ బ్రిటిషు కాలంలో ఎగువ గోదావరి జిల్లాకు కేంద్రంగా ఉండేది. ఇప్పటికీ అక్కడ ఇంట్లో మాట తెలుగు, బడిలో చదువు ఎక్కువగా మరాఠీ. అడవి ఊళ్లలో గోండి, మాడియా మాట్లాడతారు. చామోర్షి, ముల్చేరా వైపు తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చి స్థిరపడిన బెంగాలీల ఊళ్లున్నాయి. సిరొంచ నుంచి సొంత జిల్లా కేంద్రానికి సుమారు 200 కిలోమీటర్లు ఉంటే, వంతెన దాటగానే తెలంగాణ. అందుకే జబ్బు ముదిరితే సిరొంచవాళ్లు మంచిర్యాలకో వరంగల్‌కో పోతారు. భామ్రాగడ్‌ది ఇంకో కష్టం. ఇంద్రావతి, పర్లకోట, పాముల గౌతమి కలిసే ఆ చోట వానకాలం వరదొస్తే దారి తెగిపోతుంది. హేమల్‌కసలో ప్రకాశ్ ఆమ్టే, మందాకినీ ఆమ్టే దంపతులు 1970ల నుంచి నడిపిన లోక్ బిరాదరీ ప్రకల్ప్ ఆసుపత్రి ఈ అడవిలోనిదే.

పూసల చట్రం

డిజిటల్ సాధనాల చరిత్రను కంప్యూటరుతో మొదలుపెట్టడం రివాజు. ఈ సీమ విషయంలో ఒక చెక్క పరికరంతో మొదలుపెట్టడం న్యాయం.

అభయ్ బంగ్, రాణీ బంగ్ అనే డాక్టరు దంపతులు అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్‌లో ప్రజారోగ్యం చదివి వచ్చి, 1986లో గడ్చిరోలిలో ‘సెర్చ్’ సంస్థ పెట్టారు. ఆ రోజుల్లో అక్కడ పసిపిల్లల ప్రాణాలు తీస్తున్న వాటిలో న్యుమోనియా ముందుండేది. దాన్ని పట్టుకోవడానికి ఎక్స్‌రే అక్కర్లేదు, బిడ్డ నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తోందో లెక్కపెడితే చాలు. రెండు నెలల లోపు బిడ్డకు 60, ఆ పైబడినవాళ్లకు 50 దాటితే ప్రమాదం అన్నది వారు పెట్టుకున్న గీత. చిక్కల్లా లెక్కపెట్టాల్సిన మనిషి దగ్గరే వచ్చింది. ఊళ్లో పురుడు పోసే మంత్రసానికి చదువు లేదు, చేతికి గడియారం లేదు, యాభై దాకా తప్పకుండా లెక్కపెట్టడం అలవాటు లేదు.

వాళ్లు తయారుచేసిన పరికరం గురించి 1992లో ఇండియన్ జర్నల్ ఆఫ్ పీడియాట్రిక్స్‌లో రాశారు. ఒక చట్రం, అందులో రెండు వరసల పూసలు, పక్కన నిమిషానికి ఖాళీ అయ్యే ఇసుక గడియారం. పది ఊపిర్లకు ఒక పూస జరపాలి. ఒక వరస చంటిబిడ్డలకు, ఇంకోటి పెద్దపిల్లలకు. ఇసుక అయిపోకముందే చివరి ఎర్రపూస దాకా వచ్చామంటే న్యుమోనియా. అంతకుమించి అందులో ఏమీ లేదు.

భద్రత కోసం ఈనాడు డిజైనర్లు అడిగేవి ఇందులో చాలావరకు ఉన్నాయి. వాడే మనిషికి లేని నైపుణ్యాన్ని పరికరం అడగదు. సంఖ్యను చూపించి ‘ఇది ఎక్కువా తక్కువా నువ్వే తేల్చుకో’ అనదు, నేరుగా నిర్ణయం చూపిస్తుంది. పాడైతే పాడైనట్టు కంటికి కనపడుతుంది: ఇసుక ఆగిపోతే ఆగిపోయిందని తెలుస్తుంది, తప్పు జవాబును ధీమాగా చెప్పదు. తప్పు జరగడానికి మిగిలిన పెద్ద సందు ఒక్కటే, ఏ వరస ఎంచుకోవాలన్నది. ఆ సందును మూయాలంటే శిక్షణలో దాని మీదే గురి పెడితే సరిపోతుంది. ఎన్నో కోట్లు పోసి కట్టిన సాఫ్ట్‌వేర్లలో తప్పు ఎక్కడ జరగొచ్చో ఇంత తేటగా వేలుపెట్టి చూపగలిగినవి అరుదు.

అదే కాలంలో మంత్రసానులు, గ్రామ ఆరోగ్య కార్యకర్తలు న్యుమోనియా బిడ్డలకు కో-ట్రైమోక్సజోల్ మందు ఇచ్చేలా చేసిన ప్రయోగం ఫలితాలు 1990లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. పిల్లల మరణాలు తగ్గాయని అందులో తేలింది. ఆ తర్వాత 39 ఊళ్లలో ఇంటి దగ్గరే నవజాత శిశువుల సంరక్షణ మొదలైంది. వెయ్యి సజీవ జననాలకు 62గా ఉన్న నవజాత శిశు మరణాలు కొన్నేళ్లలో 26కు దిగాయి. 1999లో లాన్సెట్‌లోనే వచ్చిన ఆ వ్యాసం దేశ విధానాన్ని మార్చింది. 2011 నుంచి దేశమంతటా ఆశాలు బాలింత ఇంటికి 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో వెళ్లడం దాని ఫలితమే. ఇంట్లో కాన్పయితే మొదటి రోజు కూడా వెళ్లాలి.

అదే మందు, శాన్‌ఫ్రాన్సిస్కోలో

మంత్రసానుల చేత సురక్షితంగా ఇప్పించిన ఆ కో-ట్రైమోక్సజోల్‌తోనే, నిండా కంప్యూటర్లున్న ఆసుపత్రిలో ఒక ప్రాణం పోవడం తృటిలో తప్పింది. 2013లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో జరిగిన ఈ సంఘటనను అక్కడి వైద్యుడు రాబర్ట్ వాక్టర్ 2015లో తన ‘ది డిజిటల్ డాక్టర్’ పుస్తకంలో వివరంగా రాశాడు.

రోగి 16 ఏళ్ల కుర్రవాడు, బరువు 38.6 కిలోలు. ఇంట్లో పూటకు ఒక బిళ్ళ వేసుకునేవాడు. అందులోని ట్రైమెథోప్రిమ్ 160 మి.గ్రా. నలభై కిలోల లోపు పిల్లలకు కిలోకు ఇన్ని మిల్లీగ్రాములని రాయాలని ఆసుపత్రి నియమం పెట్టుకుంది. డాక్టరు కిలోకు 5 మి.గ్రా. రాస్తే లెక్క 193 వచ్చింది. దొరికే బిళ్ళ 160ది. తేడా 5 శాతం మించింది కాబట్టి ఫార్మసిస్టు నియమం ప్రకారం చీటీని తిప్పి పంపి, 160 అని మళ్లీ రాయమన్నారు. డాక్టరు 160 అని కొట్టారు. ఆ గడి మాత్రం ఇంకా ‘కిలోకు మి.గ్రా.’ మీదే ఉంది. 160ని 38.6తో గుణించి కంప్యూటరు 38న్నర బిళ్ళలు ఇవ్వమంది.

డాక్టరుకు హెచ్చరిక వచ్చింది, తోసేశారు. ఫార్మసిస్టుకూ వచ్చింది, అక్కడా తోసేశారు. రోజుకు అలాంటివి లెక్కలేనన్ని వస్తుంటే నాన్నా-పులి కథే అవుతుంది మరి. రోబో బిళ్ళలు లెక్కపెట్టి ప్యాకెట్లు కట్టింది. నర్సుకు అనుమానం కలిగింది. బార్‌కోడు స్కాన్ చేస్తే సరైన రోగి, సరైన మందు, సరైన మోతాదు అని మిషను చెప్పింది. కుర్రవాడు 38న్నర బిళ్ళలూ మింగాడు. ఫిట్స్ వచ్చాయి, అదృష్టం బాగుండి బతికాడు.

ఇందులో ఎవరూ బద్ధకించలేదు. ప్రతి మెట్టులోనూ భద్రత కోసం పెట్టిన నియమమే తర్వాతి మెట్టును మోసం చేసింది. బార్‌కోడు నిజమే చెప్పింది: చీటీలో ఉన్నదే ప్యాకెట్‌లో ఉందని. చీటీయే తప్పన్న సంగతి దానికి తెలియదు. ఎర్రపూసతో పోల్చి చూస్తే తేడా తెలుస్తుంది. అక్కడ తప్పు కంటి ఎదుటే జరుగుతుంది. ఇక్కడ ఒక గడి పక్కనున్న చిన్న అక్షరాల్లో దాక్కుంది.

ఇలాంటి వాటిలో ఎక్కువగా చెప్పుకునే పాత కథ థెరాక్-25. కెనడా ప్రభుత్వ సంస్థ ఒకటి తయారుచేసిన ఈ రేడియేషన్ చికిత్స యంత్రం 1985–87 మధ్య ఆరుగురికి విపరీతమైన మోతాదు ఇచ్చింది, కొందరు చనిపోయారు. అంతకుముందు నమూనాలో సాఫ్ట్‌వేరు తప్పుచేసినా ఇనుప తాళాలు అడ్డుపడేవి. కొత్త దానిలో సాఫ్ట్‌వేరు ఉంది కదా అని ఆ తాళాలు తీసేశారు. పాత యంత్రంలో తప్పు లేదనుకున్నారు, నిజానికి తాళాలు దాన్ని కప్పిపెడుతూ వచ్చాయి. యాప్ వచ్చింది కదా అని రిజిస్టర్లు, మోతాదు పటాలు ఎత్తేయాలని తొందరపడే ప్రతి అధికారీ చదవాల్సిన కథ ఇది.

2005లో వచ్చిన రెండు అధ్యయనాలు ఈ రంగాన్ని కుదిపాయి. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో కంప్యూటరుతో మందులు రాసే పద్ధతి 22 రకాల కొత్త పొరపాట్లకు దారి ఇస్తోందని రాస్ కొప్పెల్ బృందం చూపింది. పిట్స్‌బర్గ్ పిల్లల ఆసుపత్రిలో అలాంటి వ్యవస్థ పెట్టాక, వేరే ఆసుపత్రుల నుంచి తీసుకొచ్చిన పిల్లల్లో మరణాలు 2.80 శాతం నుంచి 6.57 శాతానికి పెరిగాయి. బిడ్డ వచ్చి పేరు నమోదయ్యే దాకా మందు రాయడం కుదరకపోవడం, మందులు దూరంగా కేంద్ర ఫార్మసీకి తరలిపోవడం అక్కడ చెప్పిన కారణాల్లో ఉన్నాయి. అదే సాఫ్ట్‌వేరు సియాటిల్ పిల్లల ఆసుపత్రిలో పెడితే మరణాలు పెరగలేదు. భద్రత అనేది డబ్బాలో వచ్చే సరుకు కాదని, దాన్ని పెట్టే చోటు, పెట్టే తీరు కలిస్తేనే అది తయారవుతుందని ఆ రెండు ఊళ్ల తేడా చూపుతుంది.

చలిజ్వరం, బిళ్ళల లెక్క

గడ్చిరోలి మహారాష్ట్రలో మలేరియా బెడద ఎక్కువున్న జిల్లా. మందు ఇచ్చే యాప్ ఎలా ఉండాలో తేల్చడానికి మలేరియాను మించిన ఉదాహరణ దొరకదు.

జాతీయ విధానంలో ఫాల్సిపారం మలేరియాకు ఇచ్చే ఏసీటీ (ఆర్టెమిసినిన్ కలిపిన మందు) బిళ్ళల ప్యాకెట్లు వయసును బట్టి రంగుల్లో ఉంటాయి: ఏడాది లోపు గులాబీ, 1–4 ఏళ్లకు పసుపు, 5–8కి ఆకుపచ్చ, 9–14కి ఎరుపు, 15 పైబడితే తెలుపు. ఇది కూడా ఒకరకంగా పూసల చట్రమే. చదువు అంతగా లేనివాళ్లు కూడా తప్పు చేయలేరు. ఇప్పుడు ఎవరో యాప్ తయారుచేసి, వయసు కొడితే మిల్లీగ్రాముల్లో జవాబు చూపేలా పెట్టారనుకోండి. కాగితం మీద ఉన్న భద్రత ఫోనులోకి వచ్చేసరికి జారిపోయింది. యాప్ చేయాల్సిన పని తెర మీద అదే రంగు ప్యాకెట్ బొమ్మ చూపడం, అంతే.

వైవాక్స్ మలేరియాకు క్లోరోక్విన్. బిళ్ళ మీద 250 మి.గ్రా. అని ఉంటుంది, అది ఉప్పు రూపంలోని బరువు. అసలు మందు 150 మి.గ్రా. మాత్రమే. మోతాదు లెక్కలన్నీ ఆ 150తోనే. పెద్దవాళ్లకు మొదటి రోజు నాలుగు, రెండో రోజు నాలుగు, మూడో రోజు రెండు బిళ్ళలు. మందుల పట్టికను కంప్యూటరులో ఎక్కించేవాడు 250ని అసలు మందుగా రాసుకుంటే, సాఫ్ట్‌వేరు ప్రతి రోగికీ తక్కువ మందు ఇప్పిస్తుంది. ఒక డాక్టరు పొరపడితే ఒక రోగికి నష్టం. పట్టిక పొరపడితే దాన్ని వాడే జిల్లా అంతా ఒకే రోజు పొరపడుతుంది. డిజిటల్ తప్పుకూ చేతి తప్పుకూ ఉన్న పెద్ద తేడా అదే.

ప్రైమాక్విన్‌ది ఇంకా సున్నితమైన లెక్క. వైవాక్స్ తిరగబెట్టకుండా దాన్ని 14 రోజులు ఇస్తారు. ఏడాది లోపు పిల్లలకు, గర్భిణులకు ఇవ్వకూడదు. జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉన్నవాళ్లలో అది ఎర్ర రక్తకణాలను పగలగొడుతుంది, మూత్రం నల్లబడుతుంది. ఈ లోపం మలేరియా సీమల జనంలో ఎక్కువ. కాబట్టి ‘గర్భవతా?’ అన్న ప్రశ్నకు ‘కాదు’ అని ముందే నింపి పెట్టే యాప్ ప్రమాదకరమైనది. ఖాళీగా వదిలి, జవాబు పెట్టేదాకా ముందుకు పోనివ్వనిదే మంచిది. మూడో రోజు, ఏడో రోజు ‘మూత్రం రంగు ఎట్లుంది?’ అని అడగమని ఆశాకు గుర్తుచేసే చిన్న ఏర్పాటు, పది హెచ్చరిక పెట్టెల కంటే ఎక్కువ ప్రాణాలు కాపాడుతుందనుకోవచ్చు.

వంశపారంపర్యంగా వచ్చే రక్తజబ్బు సికిల్ సెల్ విషయంలో తప్పు ఒక్క అక్షరంలో ఉంది. ఏఎస్ అంటే జబ్బు లేకుండా జన్యువును మోసేవాళ్లు, ఎస్ఎస్ అంటే జబ్బున్నవాళ్లు. 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో మొదలైన జాతీయ మిషన్ 40 ఏళ్ల లోపు 7 కోట్ల మందిని పరీక్షించాలని లక్ష్యం పెట్టుకుంది. గడ్చిరోలి వంటి ఆదివాసీ జిల్లాలు అందులో ముఖ్యం. యాప్ జాబితాలో ఏఎస్, ఎస్ఎస్ రెండూ పక్కపక్కన ఉంటే, మధ్యాహ్నం ఎండలో వందో రక్తనమూనా నమోదు చేసే వేలు ఒక గీత కిందికి జారడం ఎంతసేపు? ఎస్ఎస్ ఉన్న అమ్మాయి ‘జబ్బు లేదు’ అన్న కార్డుతో ఇంటికి పోతుంది. ఇలాంటి చోట రెండు ఎంపికలను దూరంగా, వేరు రంగుల్లో, పూర్తి మాటల్లో రాయాలి. నిర్ధారణ పరీక్ష ఫలితం వచ్చేదాకా ‘అనుమానం’ అన్న స్థితి ఉండాలి.

ఎవరీ రోగి?

మందు ఎంత సరైనదైనా తప్పు మనిషికి పోతే ప్రయోజనం లేదు. సరిహద్దు సీమలో మనిషిని గుర్తుపట్టడం చిన్న విషయం కాదు. తెలుగువాళ్లు ఇంటిపేరు ముందు రాస్తారు. మహారాష్ట్ర కాగితాల్లో పెళ్లికి ముందు తండ్రి పేరు, తర్వాత భర్త పేరు నడుమ చేరుతుంది. లక్ష్మి అన్న పేరును ఇంగ్లీషులో ఒకచోట ‘ఎక్స్’తో, ఇంకోచోట ‘కె, ఎస్, హెచ్’తో రాస్తారు. సిరొంచలో గర్భిణిగా నమోదై, మంచిర్యాలలో స్కానింగ్ చేయించుకుని, వరంగల్‌లో కాన్పయిన ఒకే ఆడమనిషి మూడు కంప్యూటర్లలో ముగ్గురై కూర్చుంటుంది. ఆమెకు ఏ మందు పడదో ఒక చోట మాత్రమే రాసి ఉంటుంది. దీనికి ఎదురు ప్రమాదం ఇంకా పెద్దది: ఇద్దరు లక్ష్ములు ఒకే రికార్డులో కలిసిపోవడం.

2021 సెప్టెంబరు 27న మొదలైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ ఇచ్చే 14 అంకెల ‘ఆభా’ సంఖ్య ఈ చిక్కుకు సిద్ధాంతంలో సరైన మందు. తెలంగాణ 2022 మార్చిలో ములుగు, రాజన్న సిరిసిల్ల జిల్లాల్లో ఇంటింటి హెల్త్ ప్రొఫైల్ మొదలుపెట్టింది. అంతకుముందు 2016లో ఏఎన్ఎంల కోసం ‘అన్‌మోల్’ ట్యాబ్ ఆంధ్రప్రదేశ్‌లో మొదలైంది. ఇవన్నీ ఒకదానితో ఒకటి మాట్లాడుకోగలిగితే సిరొంచ రోగికి మేలే. అయితే అనుమతి కోసం ఓటీపీ కావాలి. ఇంటికి ఒక్క ఫోనుంటే, ఆ ఫోను పట్టుకుని కొడుకు మిర్చి ఏరడానికి గోదావరి అవతలికి పోతే, ఓటీపీ కల్లంలో మోగుతుంది, రోగి దవాఖానలో ఉంటుంది. స్పృహ లేని మనిషి రక్తం గ్రూపు, పడని మందుల వివరం ఓటీపీ వెనక తాళం వేసి ఉంచడం భద్రత కాదు. ఎవరు, ఎప్పుడు, ఎందుకు తెరిచారో నమోదయ్యేలా అత్యవసర తలుపు ఒకటి పెట్టాలి. ఏ వివరాలు చూడొచ్చో కూడా దానికి హద్దు గీయాలి.

పుట్టినతేదీ మరో గుంట. ఊళ్లో పెద్దవాళ్లకు వయసు అంచనాగానే తెలుసు. యాప్ తేదీ తప్పదంటే జనవరి 1 అని కొడతారు. పెద్దలకు పర్లేదు. ఏడాది నిండీనిండని బిడ్డకు అదే చేస్తే, ప్రైమాక్విన్ ఇవ్వొచ్చా లేదా అన్న గీత తారుమారవుతుంది. ‘వయసు సుమారు’ అన్న గడి ఉండటం, అది ఉన్నప్పుడు లెక్కలు జాగ్రత్త వైపే మొగ్గడం మంచి రూపకల్పన.

అంకెలు, గొంతులు

సిరొంచ ఆశాకు మాట తెలుగు, చదువు మరాఠీ. మహారాష్ట్ర యాప్ మరాఠీలో వస్తుంది, తెలంగాణది తెలుగు లిపిలో వస్తుంది. రెండోది ఆమె వింటే అర్థమవుతుంది, చదవాలంటే తడబడుతుంది. ఇక్కడ పనికొచ్చేది తెర మీద మరాఠీ రాత, రోగికి వినిపించడానికి తెలుగు గొంతు, అడవి ఊళ్లకు మాడియా గొంతు. అంకెల విషయంలో ఇంకా జాగ్రత్త పడాలి. దేవనాగరి ఒకటి దూరం నుంచి 9లా, నాలుగు 8లా కనపడతాయి. చేతితో రాసిన దేవనాగరి రిజిస్టరు చూసి ఇంగ్లీషు అంకెల్లో ఎంట్రీ చేసే చోట ఈ తికమకకు ఆస్కారం ఉంది. మోతాదు, బరువు, ఫోను నంబరు – ఈ మూడూ ఒకే లిపి అంకెల్లో ఉండాలన్న నియమం ఖర్చు లేనిది.

బరువు గడికి హద్దులుండాలి. పుట్టిన బిడ్డ బరువు 2.1 కిలోలకు బదులు 21 అని పడితే యాప్ ఒప్పుకోకూడదు. ఇది హెచ్చరిక కాదు, గోడ. ఏది గోడగా ఉండాలి, ఏది హెచ్చరికగా ఉండాలి అన్నది తేల్చడమే ఈ వృత్తిలో కష్టమైన పని. ప్రతిదానికీ గోడ కడితే మనుషులు దొంగదారి వెతుకుతారు: ఫారం ముందుకు పోవడానికి ఏదో ఒక అంకె కొట్టేస్తారు. ఆ అబద్ధపు అంకె తర్వాత నిజమై చెలామణి అవుతుంది.

పరికరాలే అబద్ధం చెప్పే సందర్భాలూ ఉన్నాయి. వేలికి తగిలించే ఆక్సిమీటరు నల్లని చర్మం మీద ఆక్సిజన్ ఉన్నదాని కంటే ఎక్కువ చూపవచ్చని 2020 డిసెంబరులో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన అధ్యయనం తేల్చింది. ప్రమాదకరంగా ఆక్సిజన్ పడిపోయినా పరికరం బాగానే ఉందని చూపిన సందర్భాలు అమెరికాలో తెల్లవారిలో 3.6 శాతమైతే, నల్లవారిలో 11.7 శాతం. ఆ అంకెను నేరుగా తీసుకుని ‘ఇంటికి పంపవచ్చు’ అని తీర్పిచ్చే యాప్‌ను ఎండలో పనిచేసే మన జనం మీద పరీక్షించకుండా వాడటం తగదు. కృత్రిమ మేధ మీద ఇప్పుడున్న మోజుకూ ఇదే మాట వర్తిస్తుంది. భారత వైద్య పరిశోధన మండలి 2023లో ఇచ్చిన మార్గదర్శకాలు ఆ విషయమే చెబుతాయి.

చట్టం ఏమంటోంది

రోగి భద్రతను ప్రపంచ చర్చగా మార్చింది అమెరికాలో 1999లో వచ్చిన ‘టు ఎర్ ఈజ్ హ్యూమన్’ నివేదిక. అక్కడి ఆసుపత్రుల్లో పొరపాట్ల వల్ల ఏడాదికి 44 వేల నుంచి 98 వేల మంది చనిపోతున్నారని అది అంచనా వేసింది. 2019 నుంచి సెప్టెంబరు 17ను ప్రపంచ రోగి భద్రతా దినంగా పాటిస్తున్నారు. బ్రిటన్‌లో ఆరోగ్య సాఫ్ట్‌వేరు తయారుచేసేవాళ్లు, వాడే ఆసుపత్రులు విడివిడిగా ప్రమాదాల చిట్టా రాసి, దానికి ఒక వైద్యుడినో నర్సునో బాధ్యులుగా పెట్టాలన్న ప్రమాణాలున్నాయి. ఆసుపత్రుల వంతైన ఈ రెండో సగమే మనకు కావాల్సింది. తయారీదారుకు భామ్రాగడ్ వానకాలం తెలియదు, వాడే జిల్లాకు తెలుసు.

మన దగ్గర 2017 వైద్య పరికరాల నియమాలున్నాయి. 2020 ఫిబ్రవరి 11 నోటిఫికేషన్‌తో, ఆ ఏప్రిల్ 1 నుంచి వైద్య సాఫ్ట్‌వేరు కూడా పరికరాల కిందికి వచ్చింది. 2020 మార్చి 25న వచ్చిన దూరవైద్య మార్గదర్శకాలు మందులను జాబితాలుగా విడదీశాయి. కొన్ని ఏ పద్ధతిలోనైనా రాయొచ్చు, కొన్నింటికి మొదటిసారి వీడియోలో చూడాలి, మత్తుమందుల వంటివి అసలు రాయకూడదు. రోగికి సలహా చెప్పడం, మందు రాయడం యంత్రం చేయరాదని కూడా అందులోనే ఉంది. 2019 నవంబరులో మొదలైన ‘ఈ-సంజీవని’కి ఇది కంచెలాగా పనికొస్తుంది. మందుల దుష్ఫలితాలకు 2010లో, పరికరాల దుష్ఫలితాలకు 2015లో జాతీయ నిఘా కార్యక్రమాలు వచ్చాయి.

ఇన్ని ఉన్నా ఊరి స్థాయిలో ఒక దారి సన్నగానే ఉంది. యాప్ తప్పు చూపిందని ఆశాకు అనిపిస్తే ఎవరికి చెప్పాలి? పై అధికారికి చెబితే ‘నీ ఎంట్రీలు పెండింగ్ ఉన్నాయి’ అన్న మాట ముందొస్తుంది. లెక్క చూసేవాళ్లకూ భద్రత చూసేవాళ్లకూ ఒకే తెర ఇస్తే, ఫిర్యాదు చేసినవాళ్లే దోషులవుతారు. ఇంకో తెరలో, ఇంకో మనిషికి, పేరు చెప్పకుండా, గొంతుతో చెప్పే వీలుండాలి. తుడిచిపెట్టలేని ఆ ఫిర్యాదును ఒక డాక్టరు వారం లోపు వినాలి.

చివరిది నెట్ లేని చోట సంగతి. ఫోను ఆఫ్‌లైన్‌లోనే మోతాదు లెక్కగట్టగలగాలి. వానకాలంలో వేరే దారి లేదు. అలాగే బ్యాటరీ అయిపోయి తిరిగి వెలిగిన ఫోనులో తేదీ తప్పిపోతే, ఏడో రోజు చూడాల్సిన బిడ్డ పదో రోజుకు పోతుంది. కాబట్టి యాప్ తెరిచిన ప్రతిసారీ ‘ఈరోజు ఇదేనా?’ అని అడగాలి. రెండు ట్యాబులు ఒకే బిడ్డ వివరాలు మార్చి తర్వాత నెట్‌కు తగిలినప్పుడు, ఆఖరున వచ్చినదే నిజమని మిగతాది చెరిపేయకూడదు. రెండూ ఉంచి మనిషిని అడగాలి. జాతీయ విధానం మారి మోతాదు మారితే, సిరొంచ ఫోనుకు ఆ రోజే అందుతుంది, భామ్రాగడ్ ఫోనుకు దసరా తర్వాత అందుతుంది. ఆ మధ్యలో పాత పట్టిక కొత్తదానిలాగే ధీమాగా జవాబు చెబుతుంది. బిళ్ళల షీటు మీద గడువు తేదీ ఉన్నట్టే యాప్‌లోని మోతాదు పట్టికకూ గడువు ఉండాలి. గడువు దాటాక అది లెక్క ఆపేసి, గోడ మీద అంటించిన కాగితం పటం చూడమని తెలుగులోనో మాడియాలోనో చెప్పాలి. ఆ పటం గోడ మీద ఉందో లేదో నెలకోసారి ఏఎన్ఎం చూసి, కొత్తది తెస్తే పాతది చించెయ్యాలి.